మామిడిపిందె రంగు మిషన్

“మోటర్ ఏడున్నది సార్?”

వైకుంఠం అడిగిన తీరుకు, మూల బల్లకాడ కాఫీ తాగుతున్న ఇద్దరు కుర్రాళ్లు తలలు తిప్పి చూశారు. చార్మినార్ వెనక సందులో, ఓ పాత ఇంటిని బాగుచేసి పెట్టిన కేఫ్ అది. గుమ్మంలోనే, వచ్చినవాళ్ల కళ్లు ముందుగా పడే చోట, అతను అమ్మిన డిష్‌వాషర్ నిలబడి ఉంది. యాభై ఏళ్ల కిందటి విదేశీ సరుకు. మామిడిపిందె రంగు ఎనామెల్, వెండిలా మెరిసే పిడి. తలుపు బార్లా తెరిచి ఉంది. ప్లేట్లు పెట్టే అరల నిండా ప్లాస్టిక్ తీగలు, వాటి మధ్య మిణుకుమిణుకుమనే చిన్న బల్బులు.

కింది రేకు ఊడదీసి లోపల మళ్లీ చెయ్యి పెట్టాడు వైకుంఠం. మోటరు లేదు. పంపు లేదు. నీళ్లు కాచే కాయిల్ లేదు. వేళ్లకు దుమ్ము మాత్రం అంటింది.

“తీయించేశానండీ,” అన్నాడు కేఫ్ యజమాని వంశీధర్, గొంతు తగ్గించి. “బరువెక్కువైపోయింది. ఇక్కడ గచ్చు పాతది కదా.”

“తీపిచ్చి ఏం జేసిన్రు?”

“పాత ఇనుము కొనేవాడు వస్తే ఇచ్చేశాం.”

వైకుంఠం లేచి నిలబడ్డాడు. చంకలో కాగితం పొట్లం ఉంది. తలుపుకు వేసే రబ్బరు. నాలుగు నెలల కిందట మిషన్ అమ్మినప్పుడు సరైనది దొరక్క పాతదే బిగించి పంపాడు. నిన్న దొరికింది. ఎవరూ పిలవకుండానే కార్వాన్‌లోని తన రిపేరు దుకాణం నుంచి పరుగున వచ్చాడు.

“ఎనిమిది నెలలు కష్టపడ్డ సార్ దాని మీద. మోటర్‌కు తీగ నా చేతులతోని చుట్టిన. బజార్ల దొరకని పార్టులు లేత్ మీద చేపిచ్చుకొచ్చిన. రెండోసారి మా దుకాణంకొచ్చినప్పుడు మీరేమన్నరు? యాదికున్నదా?”

వంశీధర్ ఊడిన రేకును కాలితో పక్కకు జరిపాడు.

“నేను జెప్త. సూపెట్టుకునేతందుకైతే ఇయ్య, ఇది రోజు నడవాలె అన్న. మీరేమో, మా కప్పులన్నీ దీన్లోనే, రోజుకు రెండుసార్లు నడుపుతం అన్నరు. నా చెయ్యి పట్టుకొని అన్నరు.”

“అన్నానండీ.”

“అని గిట్ల జేస్తరా?”

ఇంతలో కాలేజీ పిల్ల ఒకతె ఫోను పట్టుకుని వచ్చింది. “అంకుల్, కొంచెం పక్కకి జరుగుతారా? ఫోటో.” వైకుంఠం జరిగాడు. ఆ పిల్ల మిషన్ తలుపు మీద చెయ్యేసి నవ్వింది, “ఎంత క్యూట్‌గా ఉందో!” అని స్నేహితురాలితో అంది, వెళ్లిపోయింది.

అతనికి తల తీసేసినట్టయింది. మిక్సీలు, గ్రైండర్లు బాగుచేయించుకోవడానికి వచ్చిన ప్రతి మనిషికీ ఈ నాలుగు నెలలూ ఇదే చెప్పాడు. నా మిషన్ చార్మినార్ కాడ నడుస్తున్నది, ఇప్పటివి మూడేండ్లకే మూలకు పడ్తయి, ఇది మనుమల దాక పని జేస్తది అని. రోజూ అన్నం తింటూ భార్య రాజమణికి చెప్పేవాడు, “ఇయ్యాల ఎన్ని కప్పులు కడిగిందో!” ఆమె ఇంకాస్త కూర వడ్డించేది.

“మీకు దాని రంగు గావాలె. గంతే. రంగు కోసం దాని పానం తీసిన్రు.”

“వైకుంఠం గారూ, ముందు కూర్చోండి. టీ తాగండి.”

“నీ చాయ్ నాకెందుకు?” మొదటిసారి అతని నోట ‘నీ’ అన్న మాట వచ్చింది. “ముప్పై ఏండ్ల సంది ఈ పనిల ఉన్న. గిట్ల చెయ్యి పట్టుకొని మోసం జేసినోన్ని జూడలే.”

వంశీధర్ ఏదో చెప్పబోయి, వంటగది పరదా వైపు ఓసారి చూసి, ఆగిపోయాడు. పరదా వెనక కప్పులు ఒకదానికొకటి తగిలే చప్పుడు వినిపిస్తోంది.

“మరి గిన్నెలు దేంట్ల కడుగుతున్నవ్? కొత్త మిషన్ తెచ్చినవా?”

“లేదండీ.”

“మరి?”

“మీరు లోపలికి మాత్రం వెళ్లకండి.”

ఆ మాటతో వైకుంఠం ఒక్క అంగలో పరదా లాగేశాడు.

నల్లా పక్కన ఎంగిలి కప్పుల గుట్ట. దాని ముందు చిన్న పీట. పీట మీద ఒక ఆడమనిషి, మోచేతుల దాకా నురుగు. చప్పుడు ఆగిపోయింది. ఆమె ఇటు తిరగలేదు. తిరగాల్సిన అవసరం లేదు. పాతికేళ్లుగా చూస్తున్న వీపు అది. గౌలిపురలో మంచాన పడ్డ అక్కకు సేవ చేయాలని చెప్పి నాలుగు నెలలుగా రోజూ పొద్దున్నే బయల్దేరుతున్న రాజమణి.

“నువ్వా?” అన్నాడు వైకుంఠం. “నేను తెచ్చేది సాల్తలేదా?”

రాజమణి లేచింది. నీళ్లకు నాని తెల్లబడిన వేళ్లను కొంగులో దాచుకుంది.

“పైసల కోసం కాదు.”

“ఆయన నన్ను నమ్మిచ్చి గొంతు కోసిండు. నువ్వొచ్చి ఆయన కప్పులు తోముతున్నవా? నాకు అబద్ధం జెప్పి!”

“సార్‌నేమనకు,” అంది రాజమణి, తల వంచుకుని. “మొదటిసారి మిషన్ సూసిన దినమే వద్దని ఎల్లిపోయిండు. గప్పుడు ఎవ్వలు కొంటలేరని నువ్వేమో బువ్వ ముడ్తలేవు. నేనే మలుపు దాక ఉరికి కాళ్లు పట్టుకున్న… మా ఆయనకు నచ్చేటట్టు జెప్పి తీస్కపోండ్రి సార్, జీతం లేకుండ ఏడాది మీ గిన్నెలు నేను తోముత అని.”