మధ్య పేజీలు

అక్షరాలు ఆలస్యంగా వంటబట్టినదాన్ని. నా రాత నిదానం. తప్పులుంటే మన్నించి చదువుకోండి.

గ్రంథాలయంలో పరిశోధన చేసే ఒక అమ్మాయికి ఎదురుగా ఒక ముసలాయన కూర్చునేవాడు.

రోజూ ఒకటే వ్యాసం. వరద నీళ్లు వంతెన స్తంభాల కింద మట్టిని ఎలా కోసేస్తాయో చెప్పే పరిశోధన వ్యాసం. పాఠం వల్లెవేస్తున్నట్టు, పెదాలు కదుపుతూ చదివేవాడు.

ఆమెకూ అదే కావాలి. సెమినార్ గట్టెక్కకపోతే పరిశోధన సీటు పోతుంది. ఉన్నది ఒక్క ప్రతి.

"తాతగారూ, ఇంకా ఎన్నాళ్లు నములుతారు దాన్ని?"

"నాది నిదానమమ్మా. నువ్వెలా చదువుతావు?"

"మొదటి పేజీ, చివరి పేజీ, బొమ్మలు. టీ చల్లారేలోపు అయిపోవాలి."

"మరి మధ్యలోది?"

"అదెవరూ చదవరు తాతగారూ! రాసినవాడు కూడా మళ్లీ చూసుకోడు."

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు.

"అంతేనంటావా?"

"అంతే."

ఆ ప్రతిని మెల్లగా ఆమె వైపు జరిపి లేచాడు. మర్నాటి నుంచి ఆ కుర్చీ ఖాళీ.

హమ్మయ్య అనుకుంది.

సెమినార్‌లో గడగడా చెప్పుకుపోయింది. చివర్లో ప్రొఫెసర్ ఒక్కటే అడిగారు.

"స్తంభాల కింద ఈ గుంటల లోతులు వరద ఉధృతంగా ఉన్నప్పుడు కొలిచారా, తగ్గాకా? తగ్గితే గుంట మళ్లీ పూడిపోతుంది కదమ్మా!"

ఆమె మొదటి పేజీ, చివరి పేజీ తిరగేసింది.

"వారం గడువిస్తున్నాను. ఈసారి చదివి రా."

ఈసారి మధ్యలోదీ చదివింది. తలా తోకా అర్థం కాలేదు. అప్పుడు గుర్తొచ్చాడు ముసలాయన. లైబ్రేరియన్‌ని బతిమాలి చిరునామా పట్టుకుని పరుగెత్తింది.

ఆయన భార్య తలుపు తీసింది. ఆయన కిటికీ పక్కన ఊరికే కూర్చుని ఉన్నాడు.

"తాతగారూ, మీరే దిక్కు. ఆ వ్యాసంలో మధ్య పేజీలు నాకు విడమర్చి చెప్పాలి. అంత వరదలో లోతు ఎలా కొలిచారు?"

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. పోల్చుకోలేదు.

"మధ్యలోది ఎవరూ చదవరటమ్మా," అన్నాడు నవ్వుతూ. "ఎవరో చదువుకున్న పిల్ల చెప్పింది."

గుమ్మం దాకా సాగనంపుతూ ఆవిడ గొంతు తగ్గించింది.

"మతిమరుపు జబ్బు తల్లీ. రోజూ వెళ్లి, తాను రాసిన ఆ వ్యాసం చదువుకుంటే ఆ పూటకి అన్నీ గుర్తుండేవి. ఉన్నట్టుండి ఎందుకో వెళ్లడం మానేశారు."

రాసింది: అందరూ దొడ్డమ్మ అని పిలిచే మనిషి. వయసు అరవై తొమ్మిది. ఇప్పుడు ఉండేది చెల్లెలి ఇంటి మేడగదిలో.