పదకొండు లొసుగులు

“ఛీ, ఆపుండ్రి దాన్ని,” అన్నాడు వెంకట్రాములు, అన్నంలో బల్లి కనపడ్డవాడిలా మొహం పెట్టి.

టీవీలో గరుడ నౌక కెప్టెన్ కుడి చెయ్యి చాపి, డాక్టరమ్మను “మీ పేరు?” అని అడుగుతున్నాడు. మూడు వారాల కిందట ఆవిడ వాడి పెళ్ళాం. ఇద్దరికీ ఆరేళ్ళ కొడుకు. పైగా ఆ కుడి చెయ్యి అప్పటికి ఇనుప చెయ్యి. ఇప్పుడేమో గోళ్ళతో సహా నిగనిగలాడే మాంసం చెయ్యి.

“ఇనుము కట్టి బతికేటోణ్ణి నేను,” అన్నాడు వెంకట్రాములు. “ఇనుము చిలుము వట్టుడు చూసిన గని, చిగురు వెట్టుడు చూడలె.”

మెడ చుట్టూ తువ్వాలు కప్పుకుని స్టూలు మీద కూర్చున్నాడు. వెనక మణి కత్తెర ఆడిస్తున్నాడు. ఎడారి దేశంలో కూలీలుండే సోనాపూర్ క్యాంపులో ఆ గదికి శుక్రవారం అంటే మణి చేతి క్షవరం, దాంతోపాటు గరుడ నౌక. సోమవారం వెంకట్రాములు రెండేళ్ళ తర్వాత ఇంటికి పోతున్నాడు గనక, ఈ వారం క్షవరం కాస్త శ్రద్ధగా సాగుతోంది.

ఈ ఆకాశంలో తిరిగే కథను గదిలోకి తెచ్చిపెట్టింది మౌలా సాహెబ్. నెల్లూరులో ఆయన బావమరిదికి సీడీల కొట్టుంది. టీవీలో వారం వారం వచ్చిన సీరియల్‌ను, పేర్లూ ప్రకటనలూ కోసేసి, పన్నెండు తెల్ల సీడీల మీద ఎక్కించి ఇచ్చాడు. ఒక్కదాని మీదా గీత ముక్క లేదు. తెచ్చిన మర్నాడే కంపెనీ మౌలా సాహెబ్‌ను మూడు నెలల పనికి కల్బా సైటుకు తోలింది. పోతూ పోతూ ఆయన సీడీలను కిటికీ గట్టు మీద పుస్తకాల్లా నిలబెట్టి, కుడి కొసన పడిపోకుండా గడియారం ఆనించి, వరస చెడగొట్టొద్దని పదిసార్లు చెప్పి వ్యాను ఎక్కాడు. ఉర్దూ బడిలో అయిదు చదివిన మనిషి. ఉర్దూ పేపరు పట్టుకుంటే మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా వరసగా చదివితే గాని మడవడు.

గదిలో వాళ్ళు ఆ వరసను శాస్త్రంలా పాటించారు. వారానికొకటి ఎడమ పక్క నుంచి తీయడం, చూడడం, తిట్టడం, చూసినదాన్ని అట్టపెట్టెలో పడేయడం.

తిట్టే పని వెంకట్రాములుది. మొదటి రోజునే వాడెవడో తెలియకముందే కెప్టెన్‌ను చంపి, జనాన్ని ఏడవమన్నారు. అది ఒకటో లొసుగు. పై వారం చచ్చినవాడు చాయ తాగుతూ వచ్చాడు. అది రెండోది. తగలబడిన నౌకకు రంగు ఎవరు వేశారో చెప్పకపోవడం నాలుగోది. అలా వారానికొకటి చొప్పున పదకొండు.

వెనకేసుకొచ్చే పని నరసింహమూర్తిది. కాకినాడ మనిషి, క్యాంపు ఆఫీసులో హాజరు రాసే గుమాస్తా. చచ్చినవాడికి కవల తమ్ముడున్నాడన్నాడు. శూన్యంలో కాలం వంకర తిరుగుతుందన్నాడు. డాక్టరమ్మ సంగతికి జ్ఞాపకం పోయిందన్నాడు. ఎటొచ్చీ, నాలుగో లొసుగుకు ఆయన వేసిన అతుకు తొమ్మిదోదాన్ని ఇంకా పెద్దగా చింపేది.

“అది సైన్సండీ రాములుగారూ, ఓపిగ్గా చూడాలి,” అన్నాడు మూర్తి.

“ఏం సైన్సు సార్? కట్టేటోడు పునాది తవ్వినంక గోడలు లేపుతడు, ఆఖర్న స్లాబు పోస్తడు. ఈ రాసినోడు స్లాబు పోసినంక పునాది తవ్వుతున్నడు. థూ.”

మూర్తికి రోషం వచ్చింది. చివరి సీడీ ఇంకా ఉంది కదా, అన్ని ముడులూ అందులో విప్పుతారేమో అన్నాడు. ఇది విప్పేది కాదు, పారేసేది అన్నాడు వెంకట్రాములు.

“విను సార్. ఈ పదకొండు లొసుగుల్ని ఒక్క మాటతోని పూడ్చినోడుంటే, గిప్పుడే నా మీసం సగం గీకిచ్చుకుంట. మణి చేతిల కత్తి ఉన్నది, గదంత సాక్షి.”

గదంతా టీవీ వదిలి మీసం వైపు తిరిగింది. ఎందుకంటే ఆ మీసం అలాంటిలాంటి మీసం కాదు. అల్ ఐన్ దారిలో ఇసుక తుఫానుకు దిక్కు తెలియనప్పుడు, మీసం కొసలు గాలివాలు పట్టి తనను బస్సు దగ్గరికి నడిపించాయని వెంకట్రాములు చెబుతాడు. నమ్మితే నమ్మండి. అత్త భూమవ్వ పిల్లనిచ్చింది కూడా ఆ మీసాన్ని చూసేనట. అన్నిటికీ మించి, పాస్‌పోర్టు ఫొటోలో మొహం కంటే మీసమే ఎక్కువ ఉంది.

“సగం మీసంతో వెళ్తే విమానం ఎక్కనిస్తారంటారా?” అన్నాడు మూర్తి మెల్లగా.

“సగమెందుకు పోతది? నీతోనైతదా ఒక్క మాట? చెప్పు.”

మూర్తి కాలం వంకరను ఇంకొంచెం వంచి చూశాడు గాని అతకలేదు. చివరికి తల దించుకున్నాడు. వెంకట్రాములు మీసం కొసలు రెండూ పైకి తిప్పాడు. గెడ్డం గీసేందుకు మణి కత్తికి కొత్త బ్లేడు వేసి, సబ్బు నురగ పట్టించాడు.

అప్పుడే తలుపు తోసుకుని మౌలా సాహెబ్ వచ్చాడు, చంకలో సంచి, చెప్పుల నిండా కల్బా దుమ్ము. పని ఖలాస్ అయిందట. అందరికీ సలాం చెప్పాడు. సీరియల్ ఎట్లుందని అడిగాడు. అంత అసహ్యమైన కథ పుట్టి బుద్ధెరిగి చూడలేదని వెంకట్రాములు నురగ మూతితోనే చెప్పాడు.

మౌలా సాహెబ్ నొచ్చుకుంటూ కిటికీ వైపు చూశాడు. గట్టంతా ఖాళీ. కుడి కొసన, గడియారానికి ఆనుకుని, ఒకే ఒక్క తెల్ల సీడీ నిలబడి ఉంది.

“అరే, మొదటిది ఇంకా చూడలేదా?”