కుడికాలి చెప్పు

"ఇయ్యాల కుడికాలు అస్సలు నొస్తలేదు," అంది మార్తమ్మ, చర్చి నుంచి మిట్టమధ్యాహ్నం నడిచొచ్చి గడప ముందు ఆగుతూ.

అన్నం తింటున్న సాంసన్ చెయ్యి ఆగింది. భార్య నోట నొప్పుల మాట వినని పూట ఆ ఇంట్లో లేదు. అది ఫైబ్రోమయాల్జియా అని డాక్టరు తేల్చిన దగ్గర్నుంచీ ఆమె ఏ బాధ చెప్పినా అతనిది ఒకటే జవాబు. "గది ఆ నొప్పుల రోగమే. పానం మీదికి రాదన్నరు గద."

పోయిన నెల ఆమెకు ఒక కన్ను మసకేసింది.

"చూపు తగ్గినా, తిమ్మిరెక్కినా మళ్ల రమ్మన్నరు. ఎమ్మెస్ అని నరాల జబ్బు గూడ గిట్లనే మొదలైతదట. రెండూ ఒక్కరికే ఉండొచ్చట. జర దవాఖానకు పోదాం," అని బతిమాలింది.

"ఉన్న రోగం సాలదని కొత్తది తెచ్చుకుంటవా," అని కసిరాడు సాంసన్.

ఇప్పుడు అతని గొంతు మెత్తబడింది. "చూసినవా, ఊకె పరేషాన్ అయితివి. ప్రార్థన ఫలించింది. రా, తిందువు."

మార్తమ్మ గోడకు చెయ్యి ఆనించి ఎడమకాలి చెప్పు విడిచింది. తర్వాత కుడికాలు ఎత్తింది.

సాంసన్ చేతిలోని ముద్ద కంచంలో పడింది. ఆ కాలికి చెప్పు లేదు. మండే తారురోడ్డు మీద నడిచొచ్చిన అరికాలంతా బొబ్బలెక్కింది.

మార్తమ్మ ఆ పాదాన్ని మెల్లగా విదిలించింది. మళ్లీ విదిలించింది.

"జర ఆగు, వస్తున్న. ఈ చెప్పు ఊడుతలేదు," అంది.