సందుకు అడ్డం

ఆ రోజు పొద్దున్నుంచీ ఆకాశం చూలు గేదె పొట్టలా కిందికి వేలాడుతూ ఉంది.

మధ్యాహ్నం ఆట మొదలయ్యాక కుండపోతగా కురిసింది. గాలికి మైదానం చుట్టూ కట్టిన రేకులు లేచిపోయాయి.

చారల చొక్కాల సంఘం మాత్రం కదల్లేదు. తమ జట్టు గెలిచేదాకా తడుస్తూ అరిచింది.

ఆ పేటలో ఆ సంఘాన్ని తిట్టనివాళ్లు లేరు, పిలవనివాళ్లూ లేరు. ఫుట్‌బాల్ పేరు చెప్పి తలలు పగలగొట్టేది వాళ్లే. మురుగుకాలువ పూడితే దిగేదీ వాళ్లే. ఎవరింట్లో చావు జరిగినా ఆ పూట గిన్నెలు మోసుకెళ్లి వండిపెట్టేదీ వాళ్లే.

సంఘానికి పెద్ద ఒక వెల్డరు. ఆట ముగిసి బయటికొచ్చేసరికి టైలరు పనిచేసే అతని బామ్మర్ది సంఘం లారీ దగ్గర ముఖం వేలాడేసుకుని నిలబడి ఉన్నాడు.

“బావా, జెండా లేదు.”

ముప్పై గజాల గుడ్డ. పేటలో ఆడవాళ్లు తలా ఒక చార కుట్టినది. తాడు కోసి ఎదుటి జట్టు నీలం చొక్కాలవాళ్లు ఎత్తుకుపోయారు.

జెండా పోగొట్టుకున్న సంఘం ఆ రోజే మూతపడాలి. అది రెండు గుంపులూ తండ్రుల కాలంలో ఒప్పుకున్న కట్టుబాటు.

నీలం వాళ్ల వ్యాను రైలు గేటు దగ్గర ఆగిపోయి ఉందని కబురొచ్చింది. గేటు తెరిచేలోగా అందుకోవాలి. రోడ్డు వెంట పోతే అందదు. మిల్లు వెనక సందులో పడి పోతే అందుతుంది.

ఇరవై ముగ్గురు పరుగెత్తారు. ముందు వెల్డరు, చేతిలో ఇనుప గొట్టం. వెనక డోలు. పెద్దను దాటి ముందుకు పోవడం ఆ సంఘంలో లేదు.

సందు మొదట్లో ఒకడు చేతులు బార చాపి నిలబడి ఉన్నాడు. ఒంటి మీద నీలం వానకోటు. అతని వెనక సందంతా మోకాలి లోతు నీళ్లు.

“చూశావా బావా, కాపలా పెట్టి మరీ పోయారు,” అన్నాడు టైలరు.

అతను ఏదో చెప్పబోయాడు. వెల్డరు మొదటి దెబ్బే మూతి మీద వేశాడు. ఆ తర్వాత ఆ నోట్లోంచి రక్తం వచ్చింది, పళ్లు వచ్చాయి, మాట మాత్రం రాలేదు.

పక్కకు ఈడ్చేస్తే మళ్లీ వచ్చి అడ్డం పడ్డాడు. మోకాలి చిప్ప మీద గొట్టం పడితే కూలిపోయాడు. కూలిపోయి వెల్డరు కాలు రెండు చేతులా కరుచుకున్నాడు.

“జలగకైతే ఉప్పేస్తాం, వీడికేం వెయ్యాలిరా,” అని వెనక ఎవడో నవ్వాడు.

డోలు కర్ర వీపు మీద పడింది. బూటు కాళ్లు డొక్కలో పడ్డాయి. ఎముక విరిగిన చప్పుడు అంత మోతలోనూ వినబడింది. అతను వదల్లేదు. మబ్బు పట్టి పొద్దుండగానే చీకటిపడి వీధి దీపాలు వెలుగుతున్నాయి. తల పైకెత్తి ఆ దీపాల వంకే చూస్తున్నాడు.

ఉన్నట్టుండి దీపాలన్నీ ఒక్కసారే ఆరిపోయాయి.

అతను కాలు వదిలేశాడు.

ఇరవై ముగ్గురూ అతని మీదుగా దాటి నీళ్లలో పడి పరుగెత్తారు. గేటు దగ్గర వ్యాను అద్దాలు పగిలాయి. ఒకడి చెవి తెగింది. జెండా తిరిగొచ్చింది. సంఘం నిలిచింది.

మర్నాడు ఇంకో కబురు. మిల్లు వీధిలో కొత్తగా అద్దెకు దిగినవాళ్లింట్లో చావట. తల్లీ కొడుకూ ఇద్దరే. కొడుకు తెల్లవారుజామున ఆసుపత్రిలో పోయాడట. మట్టి చేసి ఇప్పుడే వచ్చారట.

వాళ్లెవరో సంఘానికి తెలియదు. తెలియాల్సిన పనీ లేదు. గిన్నెలెత్తుకుని వెళ్లి వాకిట్లో పొయ్యి పెట్టారు.

వంట దించాక, ఎంతమందికి వడ్డించాలో అడగడానికి వెల్డరు లోపలికి పోయాడు.

గోడ మీద ఫోటో ఉంది.

ఎంతకీ రాకపోతే టైలరు వెళ్లాడు. తర్వాత ఒక్కొక్కరే వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయారు.

“అమ్మా,” అన్నాడు వెల్డరు. నేల మీద కూర్చున్న ముసలామె తలెత్తింది. “నిన్న మీ అబ్బాయిని కొట్టింది మేమే. మొదటి దెబ్బ నాది. నీలం వాళ్ల మనిషనుకున్నాం.”

మూల కూర్చున్న ఒక పెద్దాయన లేచి వచ్చి వెల్డరు చొక్కా పట్టుకున్నాడు. చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి గాలిలోనే ఆగింది.

“ఎంతమంది మీరు?”

“ఇరవై ముగ్గురం.”

పెద్దాయన చెయ్యి దించాడు.

తనూ ఆ అబ్బాయీ కరెంటు లైన్‌మన్లమని చెప్పాడు. గాలికి తీగ తెగి ఆ సందు నీళ్లలో పడిందని, జనం దిగకుండా నేను ఆపుతానంటూ ఆ అబ్బాయే, వెళ్లి ఫ్యూజులు పీకమని తనను ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పంపాడని చెప్పాడు. మోకాళ్ల నొప్పులతో తను చేరేసరికి ఆలస్యమైందన్నాడు.

“నేను పీకిందాకా మిమ్మల్ని పట్టుకున్నాడు. మాట రాక, చేత్తోనే అడిగాడు రాత్రంతా. నీళ్లలో దిగినోళ్లు ఎవరన్నా పోయారా అని.”

తల్లి గుమ్మంలో ఉన్న ఒక్కొక్క ముఖాన్నీ చూసింది. తొందరపడకుండా, చివరివాడి దాకా చూసింది.

“అందరూ ఉన్నారా బాబూ?”

“ఉన్నామమ్మా.”

“అయితే కూర్చోండి. చల్లారిపోతుంది.”

గరిటె ఆమే తీసుకుంది. ఇరవై ముగ్గురికీ వడ్డించి, తనూ ఒక కంచం పెట్టుకుని వాళ్ల మధ్య కూర్చుంది.

తిన్నారు.