అవతలి ఆటగాడు

ఆదివారం మధ్యాహ్నం. టీవీ తెర మీద ఒంటికన్ను కత్తివీరుడు ఉన్నట్టుండి కదలకుండా నిలబడిపోయాడు. కునిహికో ఆడిస్తున్న నక్కవీరుడు కొడుతూనే ఉన్నాడు. అవతలివాడు అడ్డుకోవడం లేదు.

ఏడాదిగా ప్రతి ఆదివారం ఈ కార్టూన్ వీరుల ఆటలో కునిహికోకు వాడే ప్రత్యర్థి. ఇద్దరివీ మారుపేర్లు. మాటలు తెర మీద రాతలే.

“ఏంట్రా, కొట్టవేం?” అని రాశాడు కునిహికో.

“గెలుపు నువ్వే తీసుకోరా. ఇదే ఆఖరాట.”

“ఏం, ఊరెళ్తున్నావా?”

“ఎక్కడికీ కాదు. ఇంక ఏదీ వద్దనిపించింది, అంతే. ఏడాదిగా నాతో మాట్లాడింది నువ్వొక్కడివేరా. ఉంటా.”

తెర మీద అవతలివాడి పేరు ఆరిపోయింది.

కునిహికో కంట్రోలర్ విసిరేసి, మేడమెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. గుమ్మం ముందు పొద్దున పెట్టిన మిసో చారు ముట్టకుండా అలాగే ఉంది. నాలుగేళ్ళుగా మూసి ఉన్న కొడుకు గది తలుపును రెండు చేతులా బాదాడు.

“ఇత్సుకీ! తలుపు తియ్యరా! నీతో ఆడేది నేనేరా, నాన్నని!”

భుజంతో తలుపు గుద్దబోతుండగా గడియ కదిలింది.

బెత్తెడు సందులో పాలిపోయిన ముఖం కనిపించింది.

“ఇన్నాళ్ళూ... నువ్వా నాన్నా?”