కుప్పం మనిషి

"పేగు కోసినారా తల్లీ నీకు?"

మదనపల్లె బస్టాండులో పక్కన కూర్చున్న ముసలామె అట్లా అడిగేసరికి శాంతమ్మ పైట నిండా కప్పుకుంది.

ఆ సంగతి పుంగనూరులో ఇరుగు పొరుగుకు కూడా తెలియదు. కడుపులో గడ్డ తీయించుకోవడానికి బెంగుళూరు పోయిందని చెప్పుకున్నారు. మంచం మీంచి లేవాలంటే ఇద్దరు పట్టుకోవలసినంత లావు మనిషికి అక్కడి డాక్టరు పేగును పొట్టి చేశాడు. తిన్నది వంటికి పట్టకుండా చేసే ఆపరేషన్ అది. ఎనభై మూడులో ఈ వైపు దాని పేరు విన్నవాళ్లే లేరు.

"నీకెవరు చెప్పినారు?"

"ఎవురూ చెప్పల్యా. చేతుల కాడ తోలు యాలాడతాంది. ఇట్లా చిక్కిపోయిన మనిషిని నేను సూసినా." ముసలామె గొంతు తగ్గించింది. "ఇందాక ఆ గోడ కాడ కక్కుకుంటివి. నీళ్లు పోసుకున్నావా?"

శాంతమ్మ మొహం విచ్చుకుంది. లేడీ డాక్టరు ఆ మాట చెప్పి గంట కూడా కాలేదు.

రెండేండ్ల దాకా బిడ్డ మాట తలపెట్టొద్దని బెంగుళూరు డాక్టరు చెప్పినప్పుడు ఆమె నవ్వింది. పెండ్లయిన పన్నెండేండ్లలో రానిది ఇప్పుడొస్తుందా సార్ అంది.

ఒళ్లు తగ్గింది. ఏడాది తిరక్కుండానే అడగని కడుపు వచ్చింది.

"అట్లయితే ఈ పొద్దే బెంగుళూరికి పోమ్మా."

"పోతే తీసేయమంటారు."

"ఏమంటారో నాకు తెల్దు. నువ్వు తిన్నది నీకే అంటడం ల్యా. లోపలి బిడ్డకేం పోతాది? ఆడయితే సూదులేస్తారు, కనిపెట్టుకోనుంటారు. దాచిపెట్టుకోవద్దు తల్లీ."

శాంతమ్మ లేచి దూరంగా పోయి నిలబడింది.

సోడా తెచ్చిన మొగుడు గోవిందస్వామి అడిగాడు. "ఎవరామె?"

"ఎవరో పిచ్చిది."

ఆ పిచ్చిది వాళ్లెక్కిన బస్సు గుర్తుపెట్టుకుని, వారం తిరక్కుండా పుంగనూరులో దిగింది. ఉన్నట్టుండి చిక్కిపోయిన మనిషి ఇల్లు యాడ అని వీధి వీధీ అడుక్కుంటూ వచ్చింది. చేతిలో టిఫిన్ క్యారియరు. అందులో రాగిజావ, ఉడకబెట్టిన గుడ్లు.

"కొంచెం కొంచెంగా తినమ్మా. బెంగుళూరికి ఎప్పుడు పోతాండారు?"

అత్త జయమ్మ వాకిట్లోనే అడ్డం నిలబడింది. "ముక్కూ మొహం తెలియని దానివి, మా ఇంటి కడుపు మీద నీకేం పని?"

"కుప్పం తులసమ్మంటారు నన్ను. రైల్వేగేటు కాడ ఎవర్నడిగినా చెప్తారు. మీ కోడలికి బాగలేకపోతే కబురు పెట్టండి."

జయమ్మ ఆ జావను గేదె కుడితిలో పోసింది.

అంగడి కట్టేసి వచ్చిన గోవిందస్వామి అన్నం ముందు కూర్చుని శాంతమ్మతో మెల్లగా అన్నాడు. "ఒకసారి బెంగుళూరులో చూపిద్దామా?"

"నా బిడ్డను తీసేయించాలనుందా నీకు?"

అతను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

తులసమ్మ మాత్రం రావడం మానలేదు. లోపలికి రానివ్వకపోతే ఎదురింటి అరుగు మీద కూర్చునేది. శాంతమ్మ నీళ్లకు బయటికొస్తే ఎగాదిగా చూసేది. కడుపు పెరగలేదు. కాళ్లు మాత్రం ఉబ్బాయి.

ఒకనాడు దగ్గరికొచ్చి అడిగింది. "పొద్దుగూకితే కండ్లు మసకేస్తాండాయా తల్లీ?"

శాంతమ్మ బిందె కింద పెట్టింది. నాలుగు దినాలుగా దీపాలు పెట్టే వేళకు ఆమెకు గోడ ఏదో వాకిలేదో తెలియడం లేదు. మొగుడికి కూడా చెప్పలేదు.

"నీ నోరే తగిలింది నాకు! నీ పాపిష్టి కన్నే తగిలింది! ఏం పాపం చేసినానని నా బిడ్డ వెంట పడినావే?"

వీధి జనం మూగారు. ముసలామె రెక్క పట్టి ఎవరో ఈడ్చారు. క్యారియరు మట్టిలో దొర్లింది. ఆమె గుడ్లు ఏరుకుని, మట్టి తుడిచి, క్యారియరులో పెట్టి, అరుగు మీదనే వదిలి పోయింది.

మళ్లీ రాలేదు.

ఏడో నెలలో బిడ్డ కదలడం మానేసింది. బెంగుళూరు చేరేదాకా గోవిందస్వామి టాక్సీ వెనక సీట్లో ఆమె తల ఒళ్లో పెట్టుకుని, "ఏం కాదు, ఏం కాదు" అంటూనే ఉన్నాడు.

శాంతమ్మ దక్కింది. బిడ్డ దక్కలేదు. అరచేతిలో పట్టేంత ఉంది. ఆడపిల్ల.

"మొదట్లోనే వచ్చింటే ఏదో ఒక దారి చూసేవాళ్లం," అన్నాడు డాక్టరు. అంతకు మించి ఏమీ అనకుండా వెళ్లిపోయాడు.

సెలైన్ సీసా మారుస్తున్న నర్సు కోలారు మనిషి. తెలుగు వచ్చు. "ఈడికి రావాలని నీకు ఎవరూ చెప్పలేదా అక్కా?"

శాంతమ్మ గోడ వైపు తిరిగింది. "చెప్పింది ఒకామె. బస్సులెక్కి వచ్చి వచ్చి చెప్పింది. నేనే ఊరందరి ముందు తరిమించినా. కుప్పం తులసమ్మంట."

నర్సు సీసా పట్టుకునే ఇటు తిరిగింది.

"తులసమ్మా?"

"నీకు తెలుసా? ఎవరామె?"

నర్సు సీసా తగిలించింది. తర్వాత మంచం అంచున కూర్చుంది.

"ఆమె కూతురికి కూడా ఈడే, ఇదే ఆపరేషన్ అయింది. నీ మాదిరే ఏడాది లోపల నెల తప్పింది. ఆఖరికి ఈడికి తెచ్చినా తల్లీ బిడ్డా ఇద్దరూ పోయినారు. ఆ పిల్ల ఈడికి వస్తానని ఎంత ఏడ్చినా, పోతే తీసేయమంటారని గదిలో పెట్టి తాళమేసింది ఆ తులసమ్మే అక్కా."