మరమనిషి ముఖం

“ఆఖరి ఎపిసోడ్‌లో మాస్కు తీస్తే కనబడేది నా ముఖమా, ఆ అబ్బాయి ముఖమా? అది తేలిస్తేనే ఫ్రేములోకి వస్తాను.”

మరమనిషి మొండికేశాడు. ఛాతీకి స్కూటర్ హెడ్‌లైటు, చేతులకు వెండి రంగు పూసిన ప్లాస్టిక్ గొట్టాలు, చంకలో రబ్బరు మాస్కు. టీవీ సీరియల్లో ఊరందరినీ వరసపెట్టి చంపిన యంత్రం ఇప్పుడు డైరెక్టర్ కుర్చీ ముందు నిలబడి బతిమాలుతోంది.

మూలన ప్రొడ్యూసర్ బావమరిది జుట్టు దువ్వుకుంటున్నాడు. నున్నటి ముఖం. అతన్ని చూసినప్పటినుంచే మరమనిషికి కడుపులో మంట.

“నీ ముఖమేనయ్యా,” అన్నాడు డైరెక్టర్, పొద్దున్నే రాసుకున్న సీను కాగితాల్లోంచి తలెత్తకుండా. “అతను నిన్ను కాల్చే పోలీసు. ఎన్నిసార్లు చెప్పాలి?”

“ఇన్నాళ్లూ నా ముఖం ఎవరూ చూడలేదు సార్. అందులో ఉన్నది నేనేనంటే మా అమ్మే నమ్మట్లేదు. ముఖం కనబడితేనే కదా రేపు ఇంకో వేషానికి ఎవరైనా పిలిచేది.”

“క్లోజప్ పెడతాను. వెళ్లి మాస్కు వేసుకో.”

మేకప్ గదిలో అతని అక్క జిగురు డబ్బాతో సిద్ధంగా ఉంది. అతనికి ఈ వేషం ఇప్పించింది ఆవిడే. డబ్బు లేని సీరియల్ కాబట్టి మేకప్పూ, బట్టలూ, ఉత్తుత్తి రక్తం కలపడమూ అన్నీ ఆవిడ నెత్తినే.

“మాట తప్పుతాడేమో అక్కా. నాకాయన మీద నమ్మకం లేదు.”

“తప్పడు. నేనున్నాగా.”

జిగురు తగలగానే అతను పళ్లు బిగించాడు. బుగ్గలు కందిపోయి, అక్కడక్కడా చర్మం లేచిపోయి ఉంది.

“మండుతోందే.”

“షూటింగయితే అదే తగ్గుతుంది. చిన్నప్పుడు మోకాళ్లు దోక్కుపోతే మందు రాసింది ఎవర్రా?”

“నువ్వేలే. కింద కాస్త పౌడరు రాయి. ఇవాళ బయటపడేది ఇదే కదా.”

“అక్కర్లేదు. ఇలాగే బాగుంది,” అంది అక్క, అతని కళ్లలోకి చూడకుండా.

షాటు మొదలైంది. బావమరిది తుపాకీ పేల్చాడు. మరమనిషి దభీమని కూలింది. పోలీసు వంగి మాస్కు పట్టి లాగాడు. దాంతోపాటు చర్మమూ ఊడొచ్చింది. ప్రాణం పోయినంత పనైనా అతను కిక్కురుమనకుండా కెమెరా వైపే చూశాడు. అమ్మ చూస్తుంది మరి.

“కట్.”

అందరూ చప్పట్లు కొట్టారు. డైరెక్టర్ లేచొచ్చి అతన్ని కౌగలించుకున్నాడు. మాట నిలబెట్టుకున్న మనిషిని అనవసరంగా అనుమానించానని అతనికి సిగ్గేసింది.

“మీ రుణం తీర్చుకోలేను సార్.”

“నాదేముందయ్యా, మీ అక్కకి చెప్పుకో. మాస్కు వెనక కుళ్లిన ముఖం కావాలి, అంత మేకప్పుకి డబ్బుల్లేవని మొదట్లోనే తల పట్టుకున్నాను. అప్పుడు తనే, చెప్పులు అంటించే జిగురు రోజూ రాస్తే ముఖం దానంతటదే తయారవుతుంది, నా తమ్ముడైతే నేనేం రాస్తున్నానో కూడా అడగడు అంది.”